ఆకాశానికి కట్టిన షాకబ్జర్బర్

గచ్చిబౌలిలో ఆస్పత్రి నుంచి మణికొండలో మా ఇంటికి పదిహేడు స్పీడ్ బ్రేకర్లు. నాలుగేళ్లుగా రోజూ తిరుగుతున్న దారే. అయినా ఈ లెక్క నాకు కిందటేడు దాకా తెలీదు. అమ్మకి నడుం ఆపరేషన్ చేసి డిశ్చార్జి చేసిన రోజు తెలిసింది. క్యాబ్ వెనక సీట్లో ఆమె పక్కన కూచుని చెయ్యి పట్టుకుని వచ్చాను. బండి ఎగిరిన ప్రతిసారీ ఆ చెయ్యి నా చేతిని గట్టిగా నొక్కేది. నోటితో మాత్రం ఒక్క మాట అనలేదు. ఖాజాగూడ దాటేసరికి నేను లెక్కపెట్టడం మొదలుపెట్టానని నాకే తర్వాత అర్థమైంది.

ఇందులో నవ్వాలో ఏడవాలో తెలీని సంగతి ఒకటుంది. నా ఉద్యోగమే అది. కారు కుదుపుల్ని తగ్గించే షాకబ్జర్బర్లకి కోడ్ రాయడం. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఏసీ గదిలో కూచుని, ఎక్కడో యూరప్‌లో తిరిగే కార్ల కోసం రాస్తాను. ఆ కార్లలో కూచునేవాళ్ల నడుములు భద్రంగానే ఉన్నాయి. మా అమ్మ కూచున్న క్యాబ్‌లో మాత్రం నూనె నిండిన మామూలు గొట్టాలే ఉన్నాయి.

ఆ రోజు నా కోడ్ చెయ్యాల్సిన పని డ్రైవరన్న చేశాడు. బ్రేకర్‌కి పది అడుగుల ముందే బ్రేక్ నొక్కి, ముందు చక్రం దాన్ని తాకేలోపు కాలు తీసేసేవాడు. "బ్రేక్ మీద కాలుంచి ఎక్కిస్తే గట్టిగ తగుల్తదమ్మా" అన్నాడు అద్దంలో చూస్తూ. నిజమే. బ్రేక్ నొక్కినప్పుడు కారు ముక్కు కిందికి వంగుతుంది, ముందు స్ప్రింగులు అప్పటికే సగం నలిగి ఉంటాయి. ఆ సమయంలో బ్రేకర్ తగిలితే ఇంక నలగడానికి చోటుండదు, దెబ్బ సూటిగా సీటుకే వస్తుంది. ముందే వదిలేస్తే ముక్కు పైకి లేచి, స్ప్రింగుకి చోటు దొరుకుతుంది. ఆయన ఏ కాలేజీలోనూ కంట్రోల్ సిస్టమ్స్ చదవలేదు. కానీ దారిని చూసి, బండి తీరుని తెలుసుకుని, సెకనులో ఎన్నో వంతులో కాలుతో సరిచేస్తున్నాడు. మా భాషలో దాన్నే కంట్రోలర్ అంటాం.

గొట్టంలో నూనె

ఏ బండి కిందైనా రెండు పనిముట్లుంటాయి. ఒకటి స్ప్రింగు. కార్లలో చుట్టలు చుట్టి ఉంటుంది, లారీల్లో కమాన్ కట్టల రూపంలో ఉంటుంది. బండి బరువుని మోసేది అదే. కానీ స్ప్రింగుకి ఒక దురలవాటుంది. తిన్నదాన్ని దాచుకోలేదు, తిరిగి కక్కేస్తుంది. ఒకసారి నలిగితే పైకీ కిందికీ ఊగుతూనే ఉంటుంది. ఆ ఊపుని చంపడానికే రెండోది, డాంపరు. మెకానిక్కులు షాక్స్ అంటారు. గొట్టంలో నూనె, నూనెలో పిస్టన్, పిస్టన్‌కి సన్నటి దారులు. ఆ దారుల్లోంచి నూనె బలవంతంగా దూరుతూ ఊపులోని శక్తిని వేడిగా మార్చేస్తుంది. గతుకుల రోడ్డు మీద పోయొచ్చాక షాక్స్‌ని చేత్తో తాకితే వెచ్చగా ఉంటుంది. మీ వీపుకి తగలాల్సిన దెబ్బలో కొంత ఆ వేడిలో ఉంది.

ఇప్పుడు చిక్కేమిటంటే, ఆ దారులు ఎంత సన్నగా ఉండాలి? సన్నగా పెడితే డాంపరు గట్టిగా ఉంటుంది. మలుపుల్లో కారు ఒరగదు, చక్రం రోడ్డుని వదలదు, కానీ చిన్న గులకరాయి కూడా వెన్నుపూసకి తెలిసిపోతుంది. వెడల్పుగా పెడితే మెత్తగా ఉంటుంది. చిన్న గతుకులు తెలియవు కానీ, పెద్ద ఎత్తు దాటాక బండి పడవలా ఊగుతూనే ఉంటుంది, వెనక సీట్లో పిల్లలకి కడుపులో తిప్పుతుంది. అందుకే ఫ్యాక్టరీలో ఇంజినీర్లు మధ్యలో ఏదో ఒకచోట రాజీపడి, ఆ సైజు ఖాయం చేసేస్తారు. కారు జీవితమంతా అదే సైజు. ఔటర్ రింగ్ రోడ్డు మీద గంటకి 120 కిలోమీటర్లకీ అదే, పుప్పాలగూడ సందులో పదికీ అదే.

దానికి మందేమిటని అడిగితే తోచే మొదటి జవాబు, డాంపరు తీసేసి మోటారు పెట్టడం. రోడ్డు ఎత్తుంటే చక్రాన్ని పైకి లాగు, పల్లముంటే కిందికి తొయ్యి. స్పీకర్ల కంపెనీ పెట్టిన అమర్ బోస్ సరిగ్గా ఇదే చేశారు. తండ్రి బెంగాల్ నుంచి అమెరికా వెళ్లిన స్వాతంత్ర్య సమరయోధుడు, కొడుకు ఎంఐటీ ప్రొఫెసర్. 1980లో మొదలుపెట్టి, 2004లో ప్రపంచానికి చూపించారు. నాలుగు చక్రాలకీ విద్యుత్ మోటార్లున్న ఆ కారు అడ్డుగా పెట్టిన దుంగ మీంచి పిల్లిలా ఎగిరి దూకే వీడియో మీరూ చూసే ఉంటారు. ఆ మోటార్ల బరువూ ఖర్చూ కార్ల కంపెనీలకి మింగుడుపడలేదు. ఏ కారూ దాంతో షోరూమ్‌కి రాలేదు. చివరికి 2017లో ఆ టెక్నాలజీని క్లియర్‌మోషన్ అనే కంపెనీకి అమ్మేశారు.

ఉట్టి లేకుండా ఉట్టి కట్టడం

దీనికి చాలా ముందే, 1974లో, డీన్ కార్నాప్, క్రాస్బీ, హార్వుడ్ అనే ముగ్గురు ఒక పేపర్ రాశారు. కార్నాప్ కాలిఫోర్నియాలోని డేవిస్ యూనివర్సిటీలో ప్రొఫెసర్. ఉద్యోగంలో చేరిన మొదటి వారం నా టీమ్ లీడ్ నాకిచ్చిన పేపర్ అదే. అందులో ఊహ చిన్నపిల్లల ఊహలాంటిది. డాంపరు ఒక కొస కారుకి, రెండో కొస చక్రానికి ఉండటం వల్లే కదా చక్రం గోల కారుకి అంటుకుంటోంది? మరి రెండో కొసని ఆకాశానికి కట్టేస్తే? అప్పుడు కింద చక్రం ఎలా గెంతినా కారు మాత్రం ఉట్టి మీద కుండలా ఉంటుంది. దీనికి స్కైహుక్ అని పేరు.

ఆకాశంలో కొక్కెం లేదు. కానీ డాంపరు గట్టిదనాన్ని అప్పటికప్పుడు మార్చగలిగితే, ఆ కొక్కెం ఉన్నట్టే నటించొచ్చు. నియమం ఇంతే. కారు పైకి లేస్తోంది, అదే సమయంలో కారుకీ చక్రానికీ మధ్య దూరం పెరుగుతోంది అనుకోండి. అప్పుడు డాంపరు బిగిస్తే అది కారుని కిందికి లాగుతుంది. మనకి కావలసింది అదే, బిగించు. కారు పైకి లేస్తోంది కానీ చక్రం దానికంటే వేగంగా పైకి వచ్చేస్తోందా? ఇప్పుడు బిగిస్తే చక్రం కారుని ఇంకా పైకి తన్నుతుంది. వదిలెయ్. కారు కిందికి దిగేటప్పుడు ఇదే తిరగేసి. రెండు వేగాల్ని గుణించి, జవాబు ప్లస్ అయితే గట్టి, మైనస్ అయితే మెత్త. ఇంటర్వ్యూలో ఫ్రెషర్‌ని అడిగినా రెండు నిమిషాల్లో రాసేస్తాడు.

దీన్ని సెమీ యాక్టివ్ అనడానికి కారణముంది. ఇది కారుని సొంతంగా ఎత్తలేదు, తొయ్యలేదు. వచ్చిన ఊపుని ఎంత తినాలో మాత్రమే నిర్ణయిస్తుంది. అందుకే బోస్ మోటార్లలా కిలోవాట్లు మింగదు. ఒక వాల్వుని తిప్పడానికి ఎంత కరెంటు కావాలో అంతే. ఫలితం మాత్రం ఆశ్చర్యంగా యాక్టివ్‌కి దగ్గర్లోకి వస్తుంది.

వాల్వు కూడా లేకుండా చేసే ఉపాయం ఇంకా ముచ్చటైనది. 1940ల చివర్లో అమెరికా ప్రభుత్వ ప్రయోగశాలలో జాకబ్ రాబినో అనే ఇంజినీరు సన్నటి ఇనుప రజను నూనెలో కలిపాడు. మామూలప్పుడు అది నూనెలాగే పారుతుంది. అయస్కాంత క్షేత్రం తగిలితే రజను గొలుసులు గొలుసులుగా కట్టుకుని చిక్కబడిపోతుంది. తీసేస్తే మళ్లీ పలచన. ఇదంతా మిల్లీసెకన్లలో. ఆ నూనెతో నడిచే మాగ్నెరైడ్ డాంపర్లు మొదట 2002 మోడల్ క్యాడిలాక్ సెవిల్‌లో వచ్చాయి. బైకుల్లో 2013 డుకాటీ మల్టీస్ట్రాడా మీదైతే ఏకంగా 'స్కైహుక్ సస్పెన్షన్' అనే పేరే పెట్టారు. అది మాత్రం వాల్వులతో నడిచేది.

మన దగ్గర? 2024 నవంబరులో మహీంద్రా విడుదల చేసిన ఎలక్ట్రిక్ బండ్లు బీఈ 6, ఎక్స్‌ఈవీ 9ఈల పై వేరియంట్లలో సెమీ యాక్టివ్ వచ్చింది. అంతకుముందు 2021లో ఎక్స్‌యూవీ 700లో పెట్టినది వేరే రకం. అందులో కంప్యూటర్ ఉండదు, ఊపు ఎంత తరచుగా వస్తోందో దాన్నిబట్టి వాల్వు తనంతట తానే సర్దుకుంటుంది. ఇక ఈ డాంపర్లు తయారుచేసే జర్మన్ కంపెనీల్లో పెద్దదైన జడ్‌ఎఫ్ 2017 నుంచి మన నానక్‌రామ్‌గూడలో టెక్నాలజీ సెంటర్ నడుపుతోంది. అంటే మా గల్లీ గతుకుల మీద ఎగురుకుంటూ ఆఫీసుకి పోయి, ప్రపంచంలో ఇంకెవరికో మెత్తటి ప్రయాణం తయారుచేసేవాణ్ని నేనొక్కణ్నే కాదు.

రెండు నిమిషాల కోడ్, రెండేళ్ల తలనొప్పి

నియమం రెండు నిమిషాల్లో రాయొచ్చన్నాను కదా. అసలు కథ దాని ముందుంది. "కారు పైకి లేస్తోంది" అని కోడ్‌కి ఎలా తెలుస్తుంది? వేగాన్ని నేరుగా కొలిచే సెన్సర్ లేదు. త్వరణాన్ని కొలిచేది ఉంది, మీ ఫోన్‌లో ఉండేలాంటిదే. త్వరణాన్ని కూడుకుంటూ పోతే వేగం వస్తుంది. ఇంటర్మీడియెట్ ఫిజిక్స్. కానీ ఆ సెన్సర్ ఎప్పుడూ ఓ పిసరు తప్పు చెబుతుంది. ఆ తప్పు సెకనుకి సెకనుకి 5 సెంటీమీటర్లే అనుకోండి. కూడుకుంటూ పోతే, నిమిషం తిరిగేసరికి కారు సెకనుకి 3 మీటర్ల వేగంతో ఆకాశంలోకి పోతోందని కోడ్ నమ్మేస్తుంది. మీరు సిగ్నల్ దగ్గర ఆగి ఉంటారు పాపం.

నిజంగానే పైకి పోయే సందర్భాలూ ఉన్నాయి. షేక్‌పేట ఫ్లైఓవర్ ఎక్కుతున్నారు. గంటకి 40 కిలోమీటర్ల వేగం, ర్యాంపు వాలు వందకి ఐదు అనుకుంటే, కారు నిజంగానే సెకనుకి అర మీటరు పైన ఎత్తుకి ఎక్కుతోంది. స్కైహుక్‌కి ఫ్లైఓవర్ అంటే ఏమిటో తెలీదు. "అయ్యో, కారు లేచిపోతోంది" అని బిగించడం మొదలుపెడుతుంది. అందుకని నెమ్మదిగా మారేవాటిని వదిలేసి, వేగంగా ఊగేవాటినే చూడమని ఒక ఫిల్టర్ పెడతాం. ఆ ఫిల్టర్ మరీ కఠినంగా ఉంటే, కారు అసలు ఊపు విషయంలోనే లెక్క అటూ ఇటూ జరుగుతుంది. బిగించాల్సినప్పుడు వదులుతుంది, వదలాల్సినప్పుడు బిగిస్తుంది. ఈ ఒక్క ఫిల్టర్ మీద నేను గడిపిన రాత్రులకి మా మెస్ అన్న సాక్షి.

నా మొదటి వెర్షన్‌ని బండిలో వేసి నడిపిన రోజు, కారు దాదాపు ఆగిపోయాక కూడా వాల్వులు టకటకా కొట్టుకుంటూనే ఉన్నాయి. వేగం సున్నా దగ్గరుంటే సెన్సర్ గోల వల్ల గుర్తు ప్లస్సూ మైనస్సూ మారిపోతుంటుంది కదా, కోడ్ ప్రతిసారీ దాన్ని బుద్ధిగా పాటించింది. పక్క సీట్లో ఉన్న సీనియర్ "కారులో కీచురాయిని పెట్టావేంట్రా" అన్నాడు. ఇప్పుడు సున్నా చుట్టూ కాస్త చోటు వదిలి, గట్టి-మెత్త అని రెండే కాకుండా మెల్లగా మారేలా రాస్తాం.

ఇంకోటి సమయం. గంటకి 50లో వెళ్తుంటే సెకనులో వందో వంతులో చక్రం 14 సెంటీమీటర్లు ముందుకి పోతుంది. గుంత అంచు కనిపెట్టి, లెక్కేసి, వాల్వు తిప్పేలోపు సగం గుంత అయిపోతుంది. ఫోర్డ్ 2017 మోడల్ ఫ్యూజన్ స్పోర్ట్‌లో రెండు మిల్లీసెకన్లకోసారి సెన్సర్లు చదివి, చక్రం గుంతలోకి జారడం మొదలవగానే డాంపరు బిగించేలా చేసింది. బిగిస్తే చక్రం అడుక్కి పడిపోదు, అవతలి అంచుకి అంత గట్టిగా తగలదు. గుంత దగ్గర మెత్తగా ఉండాలని అందరూ అనుకుంటారు. నేనూ అనుకున్నాను.

మా గేటు ముందు

అమ్మని ఇంటికి తెచ్చిన రోజు అన్నిటికంటే గట్టిగా చెయ్యి నొక్కింది ఎక్కడో తెలుసా? మా అపార్ట్‌మెంట్ గేటు దగ్గర. నలుపూ పసుపూ రంగుల రబ్బరు ముక్కలు బోల్టులతో బిగించినవి, వరసగా రెండు. ఎత్తు చూస్తే రోడ్డు మీద ఉన్న పెద్ద బ్రేకర్ కంటే తక్కువే. మరెందుకు?

ఇది మీరూ పరీక్షించొచ్చు. జర్మనీలోని ఆకెన్ యూనివర్సిటీవాళ్లు చేసిన ఫైఫాక్స్ అనే యాప్ ఉచితంగా దొరుకుతుంది. అందులో భూమ్యాకర్షణ తీసేసి త్వరణం చూపించే భాగం తెరిచి, ఫోన్‌ని సీటు కింద నేల మీద టేపుతో అంటించి, రికార్డు నొక్కండి. చేతిలో పట్టుకోవద్దు, మీ చెయ్యే ఒక డాంపరు. నడిపేటప్పుడు కాదు, పక్క సీట్లో ఉన్నప్పుడు చెయ్యండి.

నేను చూసిన గ్రాఫులో పెద్ద బ్రేకర్ ఒక గుట్టలా వచ్చింది, మా గేటు రబ్బరు ముక్క సూదిలా లేచింది. లెక్క సులువే. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 99వ నంబరు మార్గదర్శకం ప్రకారం, గంటకి 25 కిలోమీటర్ల వేగానికి స్పీడ్ బ్రేకర్ వెడల్పు 3.7 మీటర్లు, ఎత్తు 10 సెంటీమీటర్లు ఉండాలి. దాన్ని గంటకి 20లో దాటితే ఒక చక్రానికి సెకనులో మూడింట రెండొంతుల సమయం పడుతుంది. అది కారు తనంతట తాను ఊగే తీరుకి, అంటే సెకనుకి ఒకటీ ఒకటిన్నర సార్లకి, దగ్గర. డాంపరు చూసుకోగలదు. మా రబ్బరు ముక్క వెడల్పు 40 సెంటీమీటర్లు. అదే వేగంలో సెకనులో పద్నాలుగో వంతులో అయిపోతుంది. ఆ వేగంలో కారు కాదు, చక్రమే గెంతుతుంది. స్ప్రింగుకి తేరుకునే సమయముండదు, గట్టి డాంపరు ఆ దెబ్బని అలాగే పైకి పంపేస్తుంది. మనిషి కూచున్నప్పుడు నిలువు కుదుపుల్లో ఎక్కువ ఇబ్బంది పెట్టేవి సెకనుకి సుమారు నాలుగు నుంచి ఎనిమిది సార్లు వచ్చేవి. వేగం కాస్త తగ్గించి పదికి వస్తే రబ్బరు ముక్క సరిగ్గా ఆ మధ్యలోకి దిగుతుంది. నడకంత వేగానికి వస్తే తప్ప సుఖం లేదు.

నేను గ్రాఫు ప్రింటు తీసుకుని అసోసియేషన్ మీటింగుకి వెళ్లాను. సెక్రటరీ అంకుల్ ఓపిగ్గా విన్నారు. తర్వాత, "బాబూ, అమ్మగారి నడుం ముఖ్యమే. మా మనవడు ఆ గేటు దగ్గరే సైకిల్ తొక్కుతాడు. పొద్దున తొమ్మిదింటికి ఆఫీసు హడావుడిలో మీరంతా ఎలా దూసుకుపోతారో నేను బాల్కనీలోంచి చూస్తాను. అది తీసేస్తే ఎవరు పూచీ?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. ఆ 'మీరంతా'లో నేనూ ఉన్నాను.

ఇక్కడ నాకు గంగాధర తిలక్ కాట్నం గారు గుర్తొచ్చారు. రైల్వేలో 35 ఏళ్లు చేసి రిటైరై, హైదరాబాద్ వచ్చి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరి, గుంతల్లో బండి పడి జనానికి దెబ్బలు తగలడం చూడలేక 2010లో తన కారు డిక్కీలో తారు మిశ్రమం వేసుకుని తనే గుంతలు పూడ్చడం మొదలుపెట్టిన పెద్దాయన. తర్వాత ఉద్యోగం కూడా మానేశారు. కారుని రోడ్డుకి తగ్గట్టు మార్చడానికి ప్రపంచంలో తెలివైన బుర్రలు యాభై ఏళ్లుగా కష్టపడుతుంటే, ఆయన రోడ్డునే మార్చేశాడు. మా టీమ్‌లో ఈ మాటంటే, "అయితే మన జీతాలు ఎవరిస్తారు" అన్నారు.

తీసెయ్యడం కాదు, మార్చడం అని మళ్లీ మీటింగుకి వెళ్లాను. రెండు రబ్బరు ముక్కల బదులు మార్గదర్శకంలో ఉన్న వెడల్పాటి బ్రేకర్ ఒకటి. దాని వంపు 17 మీటర్ల వ్యాసార్ధమున్న వృత్తంలో ముక్క. దాన్ని మేస్త్రీకి ఎలా చెప్పాలి? మధ్యలో ఎత్తు 10 సెంటీమీటర్లు, అక్కణ్నుంచి అటూ ఇటూ మీటరు దూరంలో 7, మీటరున్నర దగ్గర మూడున్నర, కొసల్లో నేలకి సమం. ప్లైవుడ్ ముక్క ఆ కొలతలకి కోయించి ఇచ్చాను. మేస్త్రీ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇంత పొడుగు బ్రేకరా, సిమెంటు దండగ" అన్నాడు. ఒక ఆదివారం పోశాడు. తెల్ల చారలు వేయించింది అంకులే. వేగంగా వస్తే ఇదీ ఎగరేస్తుంది. ఇరవైలో వస్తే పలకరించి వదిలేస్తుంది. అంకుల్ వారం రోజులు బాల్కనీలో కూచుని చూశారట. బండ్లు నెమ్మదిగానే వస్తున్నాయన్నారు. ఒక్క ఫుడ్ డెలివరీ కుర్రాడు తప్ప. వాడికి ఆర్డరు ఆలస్యమైతే ఏమవుతుందో వాడికే తెలుసు.

నాకు మిగిలిన కోరిక ఒక్కటే. 2005 ఆగస్టు 15న మన హైదరాబాద్‌లో మొదలైన 108 అంబులెన్స్ ఎన్ని ప్రాణాలు కాపాడిందో అందరికీ తెలుసు. విరిగిన వెన్నుతో స్ట్రెచర్ మీద పడుకున్న మనిషికి కావలసినంత మెత్తటి డాంపరు ఇంకెవరికీ అక్కర్లేదు. ఆ డాంపరు ముందుగా వచ్చింది మాత్రం ఇరవై లక్షలు దాటిన కార్లకి. నా కోడ్‌లో ఒక్క లైను ఎప్పటికైనా అంబులెన్స్ కింద పనిచేస్తే చూడాలని ఉంది. మేనేజర్‌ని అడిగాను, బిజినెస్ కేసు రాసి పట్రమ్మన్నారు. రాస్తున్నాను.

మూడో చెకప్‌కి వెళ్లొస్తుంటే అదృష్టం కొద్దీ మళ్లీ అదే డ్రైవరన్న దొరికాడు. గేటు ముందు అలవాటుగా బ్రేక్ నొక్కి, కాలు తీశాడు. కారు మెల్లగా లేచి, మెల్లగా దిగింది. అమ్మ చెయ్యి నా చేతిలోనే ఉంది, నొక్కలేదు. "ఇది ఎప్పుడు ఏసిన్రు?" అన్నాడు అన్న. నేను చెప్పబోతుంటే అమ్మ అడ్డొచ్చి, "మా వాడే వేయించాడు బాబూ. ఇంకా పదిహేను మిగిలినయ్" అంది.